ఉపవాక్యం మీద వేలిముద్ర

యూరప్‌లో పెద్ద యుద్ధం మొదలవడానికి రెండేళ్ల ముందు, చెరుకు కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో, మారిషస్ దక్షిణ ప్రాంతంలోని ఒక జిల్లా కోర్టులో నన్ను రెండో దుబాసీగా వేశారు. మొదటి దుబాసీ హిందుస్తానీ, భోజ్‌పురీ చూసుకునేవాడు. కోర్టుకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆ భాషలవాళ్ళే కాబట్టి పనీ ఎక్కువ ఆయనదే, గౌరవమూ ఆయనదే. తెలుగు, తమిళం నా వంతు. మాకు పైన కోర్టు గుమాస్తా, ఆయనకు పైన మేజిస్ట్రేటు దొరగారు. మాకు కింద తలుపు దగ్గర నిలబడి "సిలాన్స్!" అని, అంటే నిశ్శబ్దమని, అరిచే కానిస్టేబు ఒక్కడే.

దుబాసీ పని గురించి తెలియనివాళ్ళు అది రెండు భాషలు వచ్చినవాడు ఎవడైనా చేసే పని అనుకుంటారు. ఉద్యోగంలో చేరిన రోజున నా చేత ఒక ప్రమాణం చేయించారు. విన్నదానికి ఏమీ కలపను, విన్నదానిలోంచి ఏమీ తీసెయ్యను, ఎవరికీ సలహా చెప్పను అని. సాక్షి "నేను" అంటే నేనూ "నేను" అనాలి. "ఈ మనిషి ఇలా అంటున్నాడు" అనకూడదు. సాక్షి ఏడిస్తే నేను ఏడవకూడదు. కోర్టులో ఇంగ్లీషులో జరిగే ప్రతి మాటా, అది కక్షిదారుకు సంబంధించినదైతే, ఆ కక్షిదారుకు తన భాషలో వినిపించాలి. ఎవరైనా నవ్వినా, ఎందుకు నవ్వారని ఆ మనిషి అడిగితే, కారణం అనువదించి చెప్పాలి.

ఇందులో అసలు కష్టం మాటల దగ్గర రాదు, వాక్యాల దగ్గర వస్తుంది. మన తోట కూలీ ఒకడు బోను ఎక్కి, "సర్దారు పిలిత్తే ఎల్లి, గొడ్డలట్టుకొచ్చి, కట్టెలు కొట్టి, ఆడే పడేసి ఇంటికొచ్చీసినాను" అంటాడు. సర్దారంటే ముఠా మేస్త్రీ. ఈ వాక్యంలో నిలబడిన క్రియ చివరిది ఒక్కటే. మిగతావన్నీ దాని మీద ఆనుకుని ఉంటాయి. చివరిమాట వచ్చేదాకా ఈ మనిషి ఏం చేశాడో తేలదు. ఇంగ్లీషు అలా ఊరుకోదు. చేసినవాడెవడో ముందు చెప్పమంటుంది, ఏం చేశాడో వెంటనే చెప్పమంటుంది, తక్కినవి తర్వాత. అందుకని దుబాసీ వాక్యం మొత్తాన్ని నోట్లో పెట్టుకుని, చివరినుంచి విప్పుకుంటూ రావాలి. ఇంగ్లీషునుంచి తెలుగుకు వచ్చేటప్పుడు ఇదే పని తలకిందులుగా జరుగుతుంది. ఇంగ్లీషులో తోకలో ఉన్నది, లోపల దాక్కున్నది, తెలుగులో ముందుకు వచ్చి నిలబడుతుంది. ఈ సంగతి ఈ కథకు అవసరం కాబట్టి చెబుతున్నాను.

ఈ విద్య నాకు నేర్పినవారు అప్పలస్వామి మాస్టారు. రోజ్ బెల్ దగ్గర ఒక ఎయిడెడ్ బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. ఆయన తండ్రి విశాఖపట్నం వైపునుంచి ఒప్పందం మీద ఓడ ఎక్కి వచ్చిన చెరుకు కూలీ. మాస్టారు మాత్రం నల్లకోటు, తెల్ల పంచె, వెండి గొలుసు గడియారంతో నడిచేవారు. దారిలో ఎదురైన క్రియోల్ పెద్దమనుషులు కూడా "బోంజూర్ మిస్యే" అని టోపీ ఎత్తేవారు. మా కూలీల పిల్లల్లో టీచరు సర్టిఫికెట్ తెచ్చుకున్న మొదటివాళ్ళలో ఆయన ఒకరు.

ఆయన బోర్డు మీద మూడు రకాల వాక్యాలు రాసేవారు. ఒక్క క్రియతో ఒక్క సంగతి చెప్పి ఆగేది సామాన్య వాక్యం. సరిసమానమైన రెండు సంగతులను "అండ్" అనో "బట్" అనో ముడివేస్తే సంయుక్త వాక్యం. ఒక ప్రధాన వాక్యానికి "హూ", "వెన్", "ఆల్దో" అనే మాటలతో ఉపవాక్యాలను తగిలిస్తే అది సంక్లిష్ట వాక్యం. ఆ మూడో రకం రాసేటప్పుడు ఆయన చేతిరాతే మారిపోయేది. "సామాన్య వాక్యం కూలివాడి వాక్యంరా" అనేవారు. "రా, పో, కొట్టు, మొయ్యి. మా నాన్నకి దొరలు చెప్పినవన్నీ సామాన్య వాక్యాలే. సంక్లిష్ట వాక్యం రాసినవాణ్ణి దొర తలెత్తి చూస్తాడు." అందులోనూ "ఆల్దో" ఉన్న వాక్యమంటే ఆయనకు మరీ ఇష్టం. ముందు ఎదుటివాడి మాట కొంచెం ఒప్పుకుని, ఆ తర్వాత మన కోరిక అడగాలట. వంగి నమస్కారం పెట్టినట్టు ఉంటుందట.

మేం అవన్నీ నమ్మాం. నేను ఆ ఉద్యోగం పరీక్షలో నెగ్గింది కూడా ఆయన నేర్పిన వాక్యాలతోనే. చుట్టుపక్కల తోటల్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా మాస్టారి దగ్గరికే వెళ్ళేవారు. ఆయన ఒక పైసా పుచ్చుకోకుండా అర్జీ రాసిపెట్టేవారు.

నేను చేరిన కొన్నాళ్ళకు మంగమ్మ అర్జీ వచ్చింది.

మంగమ్మ భర్త సింహాద్రి ఒక చక్కెర తోటలో చెరుకు మోసే చిన్న రైలు దగ్గర పనిచేసేవాడు. పెట్టెలకు కొక్కేలు తగిలించడం, విప్పడం అతని పని. ఒక శనివారం మధ్యాహ్నం పెట్టెల మధ్య నలిగి చచ్చిపోయాడు. వాళ్ళుండే ఇల్లు తోట క్యాంపులోది, అంటే కూలీలకు తోటవాళ్ళు ఇచ్చే గుడిసెల వరసలోది. పనిచేసే మగవాడు లేడు కాబట్టి ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు, చిన్నవాళ్ళు. తానూ కలుపు తీసే ముఠాలో పనిచేసేది గానీ ఇల్లు ఇచ్చింది మగవాడి పేరుమీద.

అర్జీ మాస్టారే రాశారు. ఆ ఇల్లు తోటవాళ్ళ సొత్తు. మంగమ్మను అందులో ఉండనివ్వమని ఆజ్ఞాపించే అధికారం మేజిస్ట్రేటుకు లేదు. తోటవాళ్ళు ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలును కోర్టు పుస్తకంలో ఎక్కించవచ్చు, అంతే. ఒకసారి ఎక్కిందంటే మాత్రం మేనేజరు మనసు మారినా ఆమెను కదిలించడానికి వీల్లేదు. మాస్టారు అర్జీ నకలు తోట మేనేజరు కచేరీకి కూడా పంపారు. వాళ్ళు కోతల కాలం ముగిసేదాకా ఉండనిస్తామని కబురుచేశారు. ఇంకేముంది, కోర్టులో చదివి, ఆమె చేత ఔననిపించి, పుస్తకంలో ఎక్కిస్తే అయిపోతుంది. మాస్టారు ఆ రోజు బడికి సెలవు పెట్టి, ఇస్త్రీ చేసిన కోటు తొడుక్కుని, తన అర్జీ ఎలా నెగ్గుతుందో చూద్దామని వచ్చి ముందు బెంచీ మీద కూర్చున్నారు. నన్ను చూసి తల ఊపారు. ఆ తల ఊపులో ఉన్న గర్వం నా గురించి కూడానని నాకు తెలిసి, కాలర్ సర్దుకున్నాను.

చదవడం రానివాళ్ళ అర్జీకి ఒక పద్ధతి ఉంది. కింద వేలిముద్ర ఉన్నా సరే, మేజిస్ట్రేటు ఎదుట దుబాసీ దానిని అర్జీదారుకు తన భాషలో మొదటినుంచి చివరిదాకా వినిపించాలి. "ఇది నా మాటే" అని ఆమె అనాలి. అప్పుడే అది అర్జీ అవుతుంది. గుమాస్తా ముందు ఇంగ్లీషులో చదివాడు. అర్జీ అంతా ఒకటే వాక్యం. గుమాస్తా మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు. దొరగారు కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నారు. ఇంగ్లీషులో వింటే ఆ వాక్యం ఎక్కడా తగలకుండా జారిపోయింది. వినయంగా ప్రార్థించే అర్జీదారు అని మొదలై, ఆమె ఎవరి భార్యో, అతను ఎలాంటివాడో, పిల్లలెందరో చెప్పుకుంటూ వెళ్ళి, ఇంట్లో ఉండనివ్వమని అడుగుతూ ముగిసింది. తోట తరఫున వచ్చిన లాయరు కాగితాలు కట్టేసుకుంటున్నాడు.

కాగితం నా చేతికి వచ్చింది. దుబాసీ వాక్యం చివరిదాకా కళ్ళతో చూసుకున్న తర్వాతే నోరు విప్పాలి. చూసుకున్నాను. ప్రధాన వాక్యంలో ఒక ఉపవాక్యం ఉంది, నమ్మకమైన నౌకరైన సింహాద్రి గురించి. ఆ ఉపవాక్యం కడుపులో ఇంకొకటి ఉంది. "ఆల్దో"తో మొదలయ్యేది. ప్రమాదం జరిగినప్పుడు అతను తాగి ఉన్నప్పటికీ అని.

బోను పక్కన మంగమ్మ తెల్లచీర కొంగు తలమీదికి లాక్కుని నిలబడి ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని చిన్నపిల్ల. ఆ ఇద్దరూ నా నోటివంకే చూస్తున్నారు.

నాకు అప్పుడు కలిగిన మొదటి భావం సిగ్గు. భయం కాదు, జాలి కూడా కాదు. మా మాస్టారు ఇలా రాశారా అనే సిగ్గు. ఆ వాక్యం నిర్మాణంలో ఎక్కడా తప్పు లేదు. కామాలన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. చిన్నప్పుడు ఆయన మా చేత వల్లె వేయించిన అచ్చుకే సరిగ్గా సరిపోయింది. ఎదుటివాడి మాట కొంచెం ఒప్పుకుని, తర్వాత కోరిక. ఇదే వాక్యం పరీక్షలో నా ముందు పెడితే నేను మెచ్చుకునేవాణ్ణి.

ఇంగ్లీషులో అంత లోపల దాచిన మాట తెలుగులో దాగదని పైన చెప్పాను కదా. సంక్లిష్ట వాక్యాన్ని తెలుగు చేస్తే అన్నిటికన్నా లోపలున్నది అన్నిటికన్నా ముందు బయటికొస్తుంది. అలా రాకుండా చేసే మార్గం నాకు ఇప్పటికీ తెలియదు. దొరగారు "మిస్టర్ ఇంటర్‌ప్రెటర్?" అన్నారు. నేను మొదలుపెట్టాను.

"ప్రమాదం జరిగిన సమయంలో సారా తాగి ఉన్నప్పటికీ..."

"ఏటి బాబూ?" అంది మంగమ్మ.

మధ్యలో ఆపకూడదు. చివరిదాకా చెప్పాను. ఎన్నో ఏళ్ళు తోటకు నమ్మకంగా పనిచేసిన సింహాద్రి భార్యనైన నేను, ఇద్దరు చిన్నపిల్లల తల్లినైన నేను, కోతల కాలం ముగిసేదాకా ఈ ఇంట్లో ఉండనివ్వమని వినయంగా వేడుకుంటున్నాను. ఆమె ఇవేవీ వినలేదు. మొదటిమాట దగ్గరే ఆగిపోయింది.

"ఎవులు తాగినారు?" అంది.

నేను అది ఇంగ్లీషులో చెప్పాను. దొరగారు కిటికీ వైపునుంచి ఇటు తిరిగారు.

"మా ఇంటాయన సుక్క ముట్టనోడు బాబూ. ఆ దినం శనివారం. శనివారం ఆయన ఒంటిపొద్దు. పొద్దుట్నుంచి మంచినీల్లు తప్ప ఏటీ తాగనేదు. గోవిందా గోవిందా అనుకుంటా పనికెల్లినాడు. క్యాంపంతా అడగండి." ఆమె అరవలేదు. నాకు ఏదో వినికిడి లోపం ఉన్నట్టు ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. "తాగినాడని ఎవులు సెప్పినారు?"

నేను "నేను" అంటూ అదంతా అనువదించాను. నా భర్త చుక్క ముట్టడు. నా భర్త శనివారం ఉపవాసం.

దొరగారు అర్జీ ఎవరు రాశారని అడిగారు. మాస్టారు లేచి నిలబడ్డారు. తాగిన సంగతి ఎవరు చెప్పారని దొరగారు ఆయన్ని అడిగారు. తోట కచేరీలో ప్రమాదం గురించి అలా రాసుకున్నారని తెలిసిందని, వాళ్ళకు కోపం తెప్పించడం ఎందుకని దాన్ని ఒప్పుకుని రాశానని మాస్టారు ఇంగ్లీషులో చెప్పారు. అర్జీదారును అడిగారా అని దొరగారు. అప్పుడు మాస్టారు, నా జీవితంలో నేను మరిచిపోవాలని ఎంతో ప్రయత్నించిన మాట అన్నారు.

"అయ్యా, అది ఉపవాక్యం మాత్రమే."

ఆయన హాస్యానికి అనలేదు. నిజంగానే, మాకు బోర్డు దగ్గర చెప్పినట్టే, అర్థమవుతుందనే నమ్మకంతో అన్నారు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళందరూ నవ్వారు. లాయరు నవ్వాడు, గుమాస్తా నవ్వాడు, మొదటి దుబాసీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కానిస్టేబు ఏం జరిగిందో తెలియక "సిలాన్స్!" అని అరిచాడు. దొరగారు నవ్వలేదు గానీ, "మీరు వ్యాకరణం చెబుతారని విన్నాను. వేలిముద్ర ప్రధాన వాక్యం మీద మాత్రమే పడదని మీకు తెలిసి ఉండాలి" అన్నారు. మాస్టారి చెయ్యి గడియారం గొలుసు మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

మంగమ్మ నన్ను అడిగింది. "ఏటంటన్నారు మేష్టరు? ఎందుకు నవ్వుతన్నారు?"

ఇది ఆమెకు సంబంధించిన మాటే. చెప్పక తప్పదు. మాస్టారికి తెలుగు వచ్చు. ఆయన నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. నేను ఆయన వైపు చూడకుండా, "అది అర్జీలో ముఖ్యమైన మాట కాదు, తగిలించిన చిన్న మాట అంటున్నారు" అని చెప్పాను.

"సచ్చిపోయినోడికి సిన్నమాటేటి, పెద్దమాటేటి బాబూ?" అంది ఆమె. అదీ ఇంగ్లీషు చేశాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అప్పుడు లాయరు లేచాడు. మర్యాదగానే మాట్లాడాడు. తన కక్షిదారు ఈ అర్జీని ఉన్నది ఉన్నట్టుగా చూసి ఒప్పుకున్నారు. ప్రమాదం చనిపోయినవాడి తప్పువల్లే జరిగిందని ఆమె ఒప్పుకుంటుంది కాబట్టి, తోట తరఫున దయతో ఇల్లు ఇస్తున్నారు. ఆ ముక్క కొట్టేస్తే ఒప్పుకోలు లేదు. దొరగారు ఆ ఒక్క ఉపవాక్యం తీసేసి తక్కినదానికి ఒప్పుకోకూడదా అని రెండుసార్లు అడిగారు. లాయరు తలవంచి, తనకు అంత అధికారం లేదన్నాడు. బలవంతం చెయ్యడానికి దొరగారికీ అధికారం లేదు.

దొరగారు కలం కింద పెట్టి నాతో చెప్పమన్నారు. ఈ అర్జీ మొత్తం నాదే అంటే ఆమెకు ఇల్లుంటుంది. నాది కాదంటే అర్జీ పోతుంది, ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఆలోచించుకుని చెప్పమను.

చెప్పాను. ఎంత వీలైతే అంత చిన్న వాక్యాల్లో చెప్పాను. ఆమె విన్నది. చిన్నపిల్ల ఆమె కొంగు చివర నోట్లో పెట్టుకుని నములుతోంది. ఆమె ఆ కొంగు మెల్లగా పిల్ల నోట్లోంచి తీసి, నా వైపు ఒక అడుగు వేసింది.

"బాబూ, నువ్వు మనోడివి. సదువుకున్నోడివి. ఏటి సెయ్యమంటావు?"

ప్రమాణం ప్రకారం అది నాతో అన్న మాట కాదు, కోర్టుతో అన్నది. నేను దొరగారి వైపు తిరిగి ఇంగ్లీషులో, "నేనేం చెయ్యాలో చెప్పమని దుబాసీని అడుగుతున్నాను" అన్నాను. దొరగారు, "నువ్వు చెప్పకూడదని ఆమెకు చెప్పు" అన్నారు. నేను మంగమ్మ వైపు తిరిగి, "నేను చెప్పకూడదమ్మా" అన్నాను. ఆమె అర్థం కానట్టు నా మొహం చూసింది. ఆ చూపు ముందు నేను తల దించుకున్నాను. అక్కడ నిలబడి ఉన్నవాళ్ళలో ఆమె భాష తెలిసినవాళ్ళం ఇద్దరమే, మాస్టారూ నేనూ.

కోర్టు హాలు వెనక గోడ అవతల చెరుకు బళ్ళు వెళుతున్న చప్పుడు. ఆమె అటు ఒకసారి చూసింది.

"నాది కాదని సెప్పు" అంది. "ఇల్లొగ్గేత్తాను."

ఇంగ్లీషులో అవి రెండు సామాన్య వాక్యాలు. చెప్పడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. గుమాస్తా రాసుకున్నాడు. అర్జీ మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టారు. తర్వాతి కేసు పిలిచారు. అది ఒక తమిళుడి ఆవు ఎవరి తోటలోకో వెళ్ళిన తగాదా. ఆ ఆవు గురించి నేను ఆ పూటంతా తప్పు లేకుండా అనువదించాను.

మాస్టారు ఎప్పుడు వెళ్ళిపోయారో చూడలేదు.

ఆ ఆదివారం నేను ఆ తోట క్యాంపుకు వెళ్ళాను. మంగమ్మ వాళ్ళ అన్న లాల్మతీ ఊరినుంచి ఎద్దుబండి తెచ్చాడు. సామాను పెద్దగా లేదు. రెండు ట్రంకులు, ఇత్తడి బిందె, దేవుడి పటం, రుబ్బురోలు. నేను వెళ్ళేసరికి మాస్టారు అక్కడే ఉన్నారు. అదే నల్లకోటు వేసుకుని, ఎవరూ అడగకుండానే రుబ్బురోలు గుండెకు ఆనించుకుని మోసుకొస్తున్నారు. నేను చెయ్యి వెయ్యబోతే వద్దని తల అడ్డంగా ఊపారు. మంగమ్మ ఆయన్ని వారించలేదు, పలకరించలేదు. ఆయన రోలు బండిలో పెట్టాక దాన్ని కొంచెం పక్కకు జరిపి, దొర్లకుండా గోనె మడతపెట్టి పెట్టింది. నన్ను చూసి, "తిన్నావా బాబూ?" అని మాత్రం అడిగింది. తిన్నానని అబద్ధం చెప్పాను.

బండి మలుపు తిరిగాక మాస్టారూ నేనూ రోజ్ బెల్ దారి పట్టాం. రెండువైపులా కోత కాని చెరుకు.

"ఒరే రామసామీ" అన్నారు మాస్టారు, కొంత దూరం నడిచాక. "సారా తాగి అనకపోతే ఏం పోయేదిరా? ఒంట్లో బాగాలేకపోయినప్పటికీ అంటే సరిపోయేది కదా. ఆమె ఊ అనేది. ఇల్లుండేది. ఆ మాట అర్థం అక్కడ నీకూ నాకూ తప్ప ఇంకెవడికి తెలుసు?"

నిజమే. తెలిసేది కాదు. ప్రమాణం గురించి చెప్పవచ్చు గానీ, ఆయనకు అది తెలియదా? ఆయన నా మీద కోపంగా అనలేదు. ఆ వాక్యాన్ని ఎక్కడ, ఎలా సవరించి ఉంటే నిలబడేదో అప్పటిదాకా మనసులో చూసుకుంటూ నడిచినట్టున్నారు.

ఇంకొంత దూరం వెళ్ళాక ఆగి, కోటు మీద రోలు మరక దులుపుకున్నారు. పోలేదు.

"ఆమెను ఒక్కమాట అడగలేదురా నేను" అన్నారు. "అడగాలని తోచలేదు. వాక్యం అంత బాగా కుదిరింది."

ఆ తర్వాత ఆయన అర్జీలు రాయడం మానేశారు. ఎవరైనా వస్తే వేరేవాళ్ళ దగ్గరికి పంపేవారు. బడిలో పాఠం మాత్రం పింఛను పుచ్చుకునేదాకా చెప్పారు. ఎదురుపడితే కుశలం అడిగేవారు, ఇంగ్లీషులో. అంతకుముందు మేమిద్దరం తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళం. ఆ కోర్టులోనూ ఆ దారిలోనూ తెలుగులో ఇద్దరం ఒకరి మాట ఒకరం పూర్తిగా వినేశాం అనుకుంటాను. ఆయన కోర్టులో అన్న మాట ఊళ్ళో చాలాకాలం హాస్యంగా తిరిగింది. ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చిన కుర్రాళ్ళు ఏదైనా తప్పుచేసి దొరికితే "ఉపవాక్యం మాత్రమే మిస్యే" అనేవారు. నా ఎదుట కూడా అనేవారు, నేను ఆయన శిష్యుణ్ణని తెలియక. నేను విననట్టు నడిచి వెళ్ళేవాణ్ణి. చెవులు మాత్రం కాలిపోయేవి.

మంగమ్మ లాల్మతీలో అన్న దగ్గరే ఉండి, కూరగాయలు పండించి అమ్ముకుందని విన్నాను. సింహాద్రి గురించి తోటవాళ్ళు రాసుకున్నది మారలేదు. దాన్ని మార్చమని అడిగినవాళ్ళు ఎవరూ లేరు. అయితే ఆ మాట కింద అతని భార్య వేలిముద్ర చెల్లలేదు. ఆమె దక్కించుకున్నది ఆ ఒక్కటే. దానికి బదులు ఇల్లు వదులుకుంది.

ఆ నెలలోనే నేను దొరగారిని ఒక అనుమతి అడిగాను. చదవడం రానివాళ్ళ అర్జీలను వాక్యం వాక్యంగా కాక, సంగతి సంగతిగా విడగొట్టి వినిపిస్తానని, ఒక్కోదానికీ విడివిడిగా ఔనో కాదో చెప్పించుకుంటానని, అదీ కోర్టులో పిలవకముందే, గుమాస్తా ఎదుట, వరండాలో. ఆయన ఒప్పుకున్నారు. ఆయన ఉన్నంతకాలం అలాగే జరిగింది. తర్వాత వచ్చిన మేజిస్ట్రేటు ఇందుకు చాలా సమయం పోతోందని మాన్పించారు. నేను నా వంతు అర్జీల వరకు, భోజనం సమయంలో, పింఛను పుచ్చుకునేదాకా చేశాను. అలా చేసినప్పుడు "ఇది నా మాట కాదు" అన్నవాళ్ళు నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువమంది.

ఆ రోజు నేను చేసింది సరైనదేనని మొదటి దుబాసీ అన్నాడు, దొరగారూ అన్నారు. నాకూ తెలుసు. ఆమె మొహం చూసి "నేను చెప్పకూడదమ్మా" అన్నది తలుచుకుంటే మాత్రం ఈ వయసులోనూ తల వంగిపోతుంది. సరైన పని చేసినంతమాత్రాన సిగ్గు పోతుందని నేను ఎవరికీ చెప్పలేను.

ఈ ఉద్యోగంలోకి వచ్చే కుర్రవాళ్ళు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. ఒకటే చెబుతాను. అర్జీలో "అయినప్పటికీ" అనే మాట కనిపించిన చోట ఆగండి. దానికి ముందున్న సంగతిని బయటికి తీసి, సామాన్య వాక్యం చేసి, చివర చుక్క పెట్టి, ఆ మనిషికి విడిగా చదివి వినిపించండి. ఔనంటేనే మళ్ళీ లోపల పెట్టండి.